పాచిక ఎప్పుడు వేయించాలి? స్కిల్ చెక్‌ల చిక్కుముడి

నేను మొదటిసారి గేమ్ మాస్టర్‌గా (జీఎంగా) కూర్చున్న రోజు కథంతా ఒక తలుపు దగ్గర ఆగిపోయింది. పాడుబడ్డ కోట, దాని కింద సొరంగం, సొరంగం చివర తాళం వేసిన ఇనుప తలుపు. వారం రోజులు కూర్చుని రాసుకున్నదంతా ఆ తలుపు అవతలే ఉంది. దొంగ పాత్ర ఆడుతున్న మిత్రుడు "తాళం తీస్తాను" అన్నాడు. తాళాలు తీయడానికి చెక్, అంటే పాచిక వేసి తేల్చే పరీక్ష, ఉంది కదా అని నేను వెంటనే "రోల్ చెయ్" అన్నాను. 4 పడింది. తెరుచుకోలేదన్నాను. "మళ్లీ ట్రై చేస్తా." 6. యోధుడు వచ్చి తలుపును తన్నాడు, 3. మళ్లీ దొంగ, మళ్లీ యోధుడు. అరగంట దాటాక ఒకడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. చివరికి నేనే నీళ్లు నములుతూ "తుప్పు పట్టిన తలుపు కదా, దానంతటదే ఊడిపడింది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

ఆ రోజు తప్పంతా పాచికదే అనుకున్నాను. నిజానికి విఫలమైతే ఏమవుతుందో నాకే తెలియకుండా పాచిక వేయించాను. డీసీ (అందుకోవాల్సిన అంకె) ఎంత పెట్టాలి, మళ్లీ వేయనివ్వాలా, అందరూ వేయొచ్చా, ఇరవై పడితే ఏదైనా జరిగిపోవాలా అని కొత్త జీఎంలు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి తీగ లాగితే కదిలే డొంక ఇదే.

ఈ ఆటలకు బొత్తిగా కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒక్కో ప్లేయర్‌ది ఒక్కో పాత్ర. మిగతా లోకమంతా, అంటే కాపలావాళ్లు, రాజులు, వాన, గోడలు, గోడల వెనక నక్కినవాళ్లు, జీఎం చేతిలో ఉంటుంది. ప్లేయర్ "నేను ఇది చేస్తాను" అంటాడు. అది అవుతుందో కాదో తేలనప్పుడు పాచిక తీస్తారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ)లో అయితే ఇరవై ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు ఆ పాత్ర నేర్పును బట్టి ఉండే మాడిఫయర్ కలిపి, జీఎం అనుకున్న అంకెతో పోలుస్తారు. ఆ అంకె పేరే డీసీ. మొత్తం దానికి సమానమైనా, దాన్ని దాటినా పని అయినట్టే.

1974లో వచ్చిన ఆ ఆట తొలి పుస్తకాల్లో ఇలాంటి స్కిల్స్ ఏర్పాటు లేదు. దారిలో గొయ్యి ఉందేమోనని అనుమానం వస్తే "కర్రతో నేలను తడుతూ నడుస్తాను" అని ప్లేయర్ చెప్పాలి, జీఎం విని తేల్చాలి. మరుసటి ఏడాది అనుబంధ పుస్తకంలో దొంగ అనే కొత్త క్లాస్ (పాత్ర రకం) వచ్చింది, తాళం తీయడానికి ఇంత శాతం, చప్పుడు కాకుండా నడవడానికి ఇంత శాతం అంటూ. 1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హు అనే ఆట స్కిల్స్ అన్నిటినీ నూటికి ఇంత అని లెక్కగట్టింది. పాచికకు మాడిఫయర్ కలిపి డీసీతో పోల్చే పద్ధతి డీ అండ్ డీలో 2000లో, మూడో ఎడిషన్‌తో కుదురుకుంది. లెక్క చేతికొచ్చింది, మంచిదే. కానీ దాంతోపాటే "కర్రతో తడతాను" అనాల్సిన చోట "పర్సెప్షన్ (గమనించే నేర్పు) వేయనా?" అనే అలవాటూ వచ్చిపడింది. నా దగ్గర ఆడేవాళ్లు అలా అడిగితే నేను ఒకటే అంటాను: "ముందు నీ క్యారెక్టర్ ఏం చేస్తోందో చెప్పు."

విఫలమైతే ఏమవుతుంది?

చెక్ అడిగే ముందు మనసులో ఒక వాక్యం పూర్తి చేసుకుంటాను: "ఇది కుదరకపోతే అప్పుడు..." తర్వాత ఏమీ తట్టకపోతే పాచిక జోలికే వెళ్లను. పదడుగుల గోడ, చేతిలో తాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు, కావలసినంత సమయం ఉంది. ఎక్కేశారు, అంతే. దానికి చెక్ పెడితే బోలెడు సమయం దండగ, పైగా మహావీరుడు మూడుసార్లు జారి కిందపడి నవ్వులపాలవుతాడు. అదే గోడను రాత్రి వానలో, వెనక వేటకుక్కలు తరుముకొస్తుంటే ఎక్కాలంటే అప్పుడు వేయించాలి. గోడ అదే, ఎత్తూ అదే. ఈసారి జారితే కుక్కలు అందుకుంటాయి.

అవతలి కొస కూడా ఉంది. అసలు వీలుకాని పనికి పాచిక వేయించకూడదు. చంద్రుణ్ణి బాణంతో కొడతానన్నవాడికి "సరే, వెయ్" అంటే వాడికి 20 పడి తీరుతుంది, అప్పుడు మీరు ఇరుకున పడతారు. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం స్కిల్ చెక్‌లో 20 పడినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఆ హోదా దాడి చేసేటప్పుడు వేసే పాచికదే. అయినా బల్ల దగ్గర 20 పడగానే కేకలు మొదలవుతాయి కాబట్టి, కాదని చెప్పాలంటే పాచిక చేతిలోకి వెళ్లక ముందే చెప్పాలి.

మూడో ఎడిషన్‌లో "టేక్ 20" అని ఒక నియమం ఉండేది. విఫలమైనా నష్టం లేని పని అయితే, ఇరవై రెట్లు సమయం తీసుకుని 20 పడినట్టే లెక్కేసుకోవచ్చు. చాలామంది దీన్ని పాచిక వేసే బాధ తప్పించే అడ్డదారిగా చూశారు. నాకు మాత్రం ఇందులో ఒక చక్కటి పాఠం కనిపిస్తుంది. తీరిగ్గా చేస్తే ఎలాగూ అయ్యే పనిలో అసలు ప్రశ్న "అవుతుందా?" అనేది కాదు, "ఎంతసేపట్లో అవుతుంది?" అనేది. నా ఇనుప తలుపు సరిగ్గా అలాంటిదే. దొంగకు పనిముట్లున్నాయి, నేర్పుంది, తరిమేవాళ్లు లేరు. తాళం తీసేశావని చెప్పి ముందుకు పోవాల్సింది. లేదా సొరంగంలో గస్తీ తిరిగేవాళ్లను పెట్టి, పాచికతో సమయాన్ని తేల్చాల్సింది: చెక్ నెగ్గితే వాళ్లు రాకముందే లోపలుంటారు, లేదంటే తాళం ఊడే సరికి వెనక కాగడా వెలుగు పడుతుంది.

ఆ రోజు పడిన 4నే రెండు రకాలుగా చెప్పి చూద్దాం. మొదటిది నేను చెప్పినట్టు: "రాలేదు. ఊచ జారిపోయింది." బల్ల చుట్టూ మౌనం. తర్వాత ఎవరో ఒకరు "మళ్లీ వేస్తా" అనడం తప్ప వేరే దారి లేదు. రెండోది: "రెండు మీటలు లేచాయి. మూడోది లేచేలోపు పైన మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇద్దరు. ఆగకుండా తాళం పని చూస్తే తెరుచుకుంటుంది, కానీ వాళ్లు నిన్ను చూస్తారు. వదిలేసి దాక్కుంటే నీ ఊచ తాళంలోనే ఇరుక్కుపోతుంది. ఏం చేస్తావు?" పాచిక మీద అంకె మారలేదు. చెక్ విఫలమయ్యే ఉంది. కానీ ఇప్పుడు ప్లేయర్ ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, పక్కవాళ్లు కూడా ముందుకు వంగి కూర్చుంటారు. ఇందులో ఇంకోటి గమనించండి: దొంగ చేతకానివాడిగా కనిపించలేదు. తక్కువ అంకె పడిన ప్రతిసారీ పాత్రను జోకర్‌ను చేసే జీఎంలు ఉంటారు. ఒకసారి నవ్వొస్తుంది. పదోసారికి ఆ ప్లేయర్‌కు తన పాత్ర మీదే మనసు విరిగిపోతుంది. గాలి, తుప్పు, అనుకోకుండా వచ్చిన కాపలావాడు, ఎన్ని లేవు నింద మోయడానికి!

ఇక "మళ్లీ వేస్తా" సంగతి. పరిస్థితిలో ఏదో ఒకటి మారనిదే రెండో రోల్ ఉండదన్నది నా పద్ధతి. బర్నింగ్ వీల్ ఆట ఈ మాటనే నియమంగా రాసుకుంది: ఒకసారి పడిన ఫలితం పరిస్థితులు నిజంగా మారేదాకా అలాగే నిలబడుతుంది. కాల్ ఆఫ్ కథుల్హు ఏడో ఎడిషన్ ఇంకో దారి పట్టింది. విఫలమైన చెక్‌ను ప్లేయర్ ఒక్కసారి మళ్లీ వేయొచ్చు, కాకపోతే ఈసారి కొత్తగా ఏం చేస్తున్నాడో చెప్పాలి, అదీ విఫలమైతే జరిగేది మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది. తాళానికి ఊచ పనిచేయలేదు, సుత్తితో బాదుతానంటాడు. బాదు. కానీ ఆ చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో తెలుసు కదా? ఇలా అడిగాక సగం మంది సుత్తి దించేస్తారు. ఆ తటపటాయింపే ఆటలో మజా.

ఆధారాల విషయంలో మాత్రం మరీ జాగ్రత్త. కథ ముందుకు సాగడానికి తప్పనిసరిగా తెలియాల్సిన విషయాన్ని ఒక్క చెక్ వెనక దాచొద్దు. హంతకుడి ఉత్తరం సొరుగులో ఉంది, వెతికితే 15 దాటాలి అని రాసుకున్నారనుకోండి. నలుగురికీ పడలేదు. ఇప్పుడేం చేస్తారు? రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతి సరిగ్గా ఈ చిక్కు విప్పడానికే పుట్టింది. అందులో తగిన స్కిల్ ఉన్న పాత్ర సరైన చోట వెతికితే కీలకమైన ఆధారం దొరికి తీరుతుంది, పాచిక లేదు. మీరు ఆ ఆట ఆడక్కర్లేదు, ఆ ఆలోచన మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. ఉత్తరం ఎలాగూ దొరుకుతుంది. చెక్ నెగ్గితే దాని సిరా ఇంకా ఆరలేదని కూడా తెలుస్తుంది.

డీసీ ఎంత?

కొత్త జీఎంలు ఎక్కువ టెన్షన్ పడేది దీని గురించి. నిజానికి ఇది అంత టెన్షన్ పడాల్సిన విషయం కాదు. ఐదో ఎడిషన్ పట్టికలో 5 అతి తేలిక, 10 తేలిక, 15 మధ్యస్థం, 20 కష్టం, 25 చాలా కష్టం, 30 దాదాపు అసాధ్యం. నేను 10, 15, 20 తప్ప వాడను. 5 పెట్టాల్సినంత తేలికైతే చెక్ ఎందుకు?

ఆ మాటల వెనకున్న శాతాలు మాత్రం ఒకసారి చూసుకోవాలి. డీసీ 15 అనుకుందాం. మాడిఫయర్ 5 ఉన్న పాత్రకు పాచిక మీద 10 పడినా చాలు, అంటే 55 శాతం. మాడిఫయర్ సున్నా అయితే 30 శాతమే. "మధ్యస్థం" అన్న పనిలో కూడా అలవాటు లేనివాడు పదిసార్లకు ఏడుసార్లు విఫలమవుతాడన్నమాట. డీసీ 20 అయితే సున్నా ఉన్నవాడికి మిగిలేది 5 శాతం, నేర్పున్నవాడికి 30. "కొంచెం కష్టంగా ఉండాలి" అనుకుని 20 పెట్టే జీఎం నిజానికి "వద్దు" అంటున్నాడు, ఆ సంగతి తనకే తెలియకుండా.

ఎవరు వేస్తున్నారో చూసి డీసీ మార్చడం ఇంకో పొరపాటు. దొంగకు తాళాలు బాగా వచ్చు కదా, 20 పెడదాం అనుకుంటే, ఆ ప్లేయర్ లెవెల్ పెరిగిన ప్రతిసారీ సంపాదించుకున్నదంతా మీరు వెనక్కి లాక్కున్నట్టే. తాళానికి ఒక గట్టిదనం ఉంది. తీసేది ఎవరైనా అది అంతే.

పరిస్థితి అనుకూలంగా ఉంటే డీసీ తగ్గించే బదులు అడ్వాంటేజ్ ఇవ్వడం నాకు ఇష్టం. రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడమన్నమాట. దీని బలం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 11 పడాల్సిన చోట 50 శాతాన్ని 75కు తీసుకెళ్తుంది, 20 పడాల్సిన చోట 5ను పదికి కూడా చేర్చలేదు. మధ్యలో ఉన్నవాణ్ణి లేపుతుంది, అసాధ్యాన్ని అలాగే ఉంచుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

అంకెను ప్లేయర్‌కు పైకి చెప్పాలా వద్దా అన్నదానిపై జీఎంలు ఒక మాట మీదికి రారు. నేను చెప్తాను. గోడ ముందు నిలబడ్డ మనిషికి అది ఎంత కష్టమో కంటికి కనిపిస్తుంది, ప్లేయర్‌కు మన మాటలే దిక్కు. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ లాంటి ఆటల్లో అయితే పాచిక వేయక ముందే ఎంత ప్రమాదమో జీఎం చెప్పితీరాలి. "15 కావాలి, జారితే నదిలో పడతావు" అని చెప్పాక ప్లేయర్ ఒక క్షణం పాచికను గుప్పిట్లోనే పట్టుకుంటాడు చూడండి, అంకె దాస్తే ఆ క్షణం దొరకదు.

ఒకడి పని, అందరి పాచికలు

ఇక్కడ లెక్క మనల్ని మోసం చేస్తుంది, కాబట్టి కాస్త నిదానంగా. ఐదుగురు కలిసి శిబిరం పక్కనుంచి చప్పుడు చేయకుండా దాటాలి. ఒక్కొక్కరికీ నెగ్గే అవకాశం 70 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ "అందరూ వేయండి, ఒక్కరు విఫలమైనా దొరికిపోతారు" అంటే? 0.7ను ఐదుసార్లు గుణించండి. 17 శాతం. దొంగచాటుగా వెళ్లాలనే ప్లాన్ ప్రతిసారీ కొట్లాటగా మారుతోందేమిటని వాపోయే జీఎంలు ఒకసారి ఈ గుణకారం చేసి చూసుకోవాలి. ఐదో ఎడిషన్‌లో గ్రూప్ చెక్ పెట్టింది ఇందుకే: కనీసం సగం మంది నెగ్గితే గుంపంతా నెగ్గినట్టు. ఐదుగురిలో ముగ్గురు చాలు కాబట్టి అదే 70 శాతంతో ఇప్పుడు అవకాశం 84కు చేరుతుంది. ఒకే పని, అవే పాత్రలు. జీఎం ఎలా అడిగాడన్న దాన్ని బట్టి 17 కాస్తా 84 అయింది.

ఇదే లెక్క తిరగబడే సందర్భం ఇంకోటి. "ఈ గుర్తు ఏమిటో తెలుసా?" అని మంత్రగత్తెను అడిగారు, తనకు పడలేదు. వెంటనే బల్ల చుట్టూ "నేనూ వేస్తా, నేనూ వేస్తా". ఒక్కొక్కరికి 30 శాతమే ఉన్నా ఐదుగురూ వేస్తే ఎవరో ఒకరికి తగిలే అవకాశం 83 శాతం. పైగా జీవితాంతం గ్రంథాలు తిరగేసిన మంత్రగత్తెకు తెలియనిది, చదువే రాని యోధుడు చెప్పేస్తాడు. అందుకే ఎవరు ముందు నడుస్తారో తేల్చుకోమంటాను. ఒక్కరు వేస్తారు, ఇంకొకరు సాయం చేస్తే అడ్వాంటేజ్. అది కూడా ఎలా సాయం చేస్తున్నారో నోటితో చెప్తేనే.

మాటలతో నెగ్గే చెక్

పర్సుయేషన్ (ఎదుటివాణ్ణి ఒప్పించే నేర్పు) దగ్గర అందరికీ తడబాటే. మా బల్ల దగ్గర జరిగిన సంభాషణ ఒకటి:

"గేటు దగ్గర గార్డును పర్సుయేడ్ చేస్తా. 18 పడింది!"

"ఆగరా బాబూ. నేనింకా అడగనేలేదు. గార్డు నుంచి నీకేం కావాలి?"

"లోపలికి వదలాలి."

"వాడెందుకు వదలాలి?"

"...వదిలితే డబ్బులిస్తా."

"వాడి పక్కన వాడి కెప్టెన్ నిలబడి ఉన్నాడు."

"అయితే డబ్బులొద్దు. లోపల జబ్బుపడ్డవాడికి మందు తెచ్చానని చెప్తా. సీసా చూపిస్తా."

"అదీ! ఇప్పుడు వెయ్. డీసీ 10."

ప్లేయర్ ఇక్కడ గొప్పగా మాట్లాడలేదు. అందంగా మాట్లాడమని అడగడం అన్యాయం కూడా. కత్తి తిప్పి చూపించమని యోధుణ్ణి అడగం కదా, సిగ్గరి మనిషి వాక్చాతుర్యం ఉన్న పాత్ర ఆడకూడదా? నేనడిగింది రెండే: ఏం కావాలి, అవతలివాడు ఎందుకు ఒప్పుకోవాలి. జవాబు బలంగా ఉంటే డీసీ దిగుతుంది, ఇంకా బలంగా ఉంటే పాచికే అక్కర్లేదు. కారణమే లేకపోతే ఎంత పడినా ప్రయోజనం లేదు. 20 పడిందని రాజు కిరీటం తీసి చేతిలో పెట్టడు. మహా అయితే ఆ తలపొగరుకు నవ్వుకుని, తల తీయించకుండా వదిలేస్తాడు. రాజసభలో అది తక్కువ విజయమేమీ కాదు.

చూపు, వినికిడి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పర్సెప్షన్ వేయించి 3 పడ్డాక "నీకేమీ కనబడలేదు" అంటే ఏదో ఉందని బల్ల చుట్టూ అందరికీ తెలిసిపోతుంది. ఐదో ఎడిషన్‌లో దీనికి పాసివ్ స్కోర్ ఉంది, 10కి మాడిఫయర్ కలిపిన అంకె. అందరి స్కోర్లూ ఒక చీటీ మీద రాసి పెట్టుకుని, పొంచి ఉన్నవాడి రోల్‌తో మీరే పోల్చుకోండి.

అవునా కాదా అన్న రెండు ఫలితాలే సరిపోవనిపిస్తే, 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట చూపిన దారి ఉంది. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి మాడిఫయర్ కలుపుతారు. 10 లేదా అంతకంటే ఎక్కువైతే పూర్తి విజయం, 6 లేదా అంతకంటే తక్కువైతే జీఎం వంతు, 7 నుంచి 9 దాకా పని అవుతుంది కానీ ఏదో ఒక మూల్యం ఉంటుంది. మాడిఫయర్ 1 ఉన్న పాత్రకు ఈ మధ్య ఫలితమే 44 శాతం వరకు వస్తుంది, అంటే మిగతా రెండిటికంటే ఎక్కువ. ఇరవై ముఖాల పాచికతో కూడా ఇలా ఆడొచ్చు. ఒకటి రెండు అంకెల తేడాతో తప్పిపోతే "అయింది, కానీ" అని మొదలుపెట్టండి. కానీ ప్రతి రోల్‌కీ ఒక కొత్త "కానీ" వెతుక్కోవడం జీఎంకు నిజంగా అలసట. మూడో గంటకు నా బుర్రలో కాపలావాళ్లు తప్ప ఇంకేమీ మిగలదు.

చివరగా, తెర వెనక వేసిన పాచికను మార్చి చెప్పడం గురించి. కొందరు అప్పుడప్పుడూ తప్పదంటారు. నా అనుభవంలో అలా చేయాలనిపించిందంటే చాలాసార్లు ఆ రోల్ అడగడమే పొరపాటు అయి ఉంటుంది. ఫలితం ముందే తేల్చేసుకుని వేయిస్తే అవి శకుని పాచికలే. ఆ సంగతి ప్లేయర్లు ఎప్పుడో ఒకప్పుడు పసిగడతారు. నేనైతే తప్పు ఒప్పేసుకుంటాను. మొన్న ఒక సెషన్‌లో గుర్రం ఎక్కడానికి చెక్ అడిగాను, ఎందుకో నాకే తెలియదు, నోటికొచ్చింది. 2 పడింది. ఆ ప్లేయర్ నా మొహం వంక చూసింది. "సారీ, దీనికి అడగకూడదు. ఎక్కేశావు. గుర్రం బయల్దేరింది, ఎటు తిప్పుతావు?" అన్నాను. తను పాచికను పక్కన పెట్టేసి మ్యాప్ దగ్గరికి లాక్కుంది.